చలికాలం కూలెంటు

మల్కాపురం పక్కన బొగ్గు యార్డు. జనవరి ఉదయం, మంచు ఇంకా విడలేదు. ముప్పయ్యేళ్ళ బుల్‌డోజరు దగ్గర ఆపరేటరు శ్రీరామ్మూర్తిని టీ బడ్డీ దేముడమ్మ పట్టుకుంది.

“టీ కేనేదిరా మూర్తీ?”

“ఏ కేనప్పా?”

“బల్ల మీద రెండెట్టినాను. ఒకటి నీ డోజరుకి ఏణ్ణీల్లు, ఒకటి షిఫ్టోల్లకి టీ. ఏణ్ణీల్ల కేను నిండుగా అలాగే ఉండిపోనాది.”

“నాను పోసీసేను కదా. సలికాలం రోజూ సేసేదే. రాత్రి రేడియేటర్లో నీల్లు తీసీడం, పొద్దున్న ఏడిగా పొయ్యడం. అప్పుడుగానీ ఇది లెగదు.”

“ఏటి పోసినావు?”

“అదే. ఏడిగున్నది.”

“ఇలా సూడు మూర్తీ. రేడియేటర్ మూత కాడ నురగొత్తన్నాది. అల్లం వాసనొత్తన్నాది.”

“మెల్లగా అప్పా.”

“పది లీటర్ల టీ...”

“మెల్లగా అన్నాను కదా. మంచులో రెండు కేన్లూ ఒకలాగే ఉన్నాయి. పైగా గాబరా. కొత్త మేనేజరు పొద్దున్నే ఎదురుగా నిలబడ్డాడు. ఈ సలికి స్టార్టవకపోతే ఇవాలే తుక్కుకి తోలీమన్నాడు. నన్ను గేటు కాడ వాచ్‌మేన్ కుర్చీలో కూకోబెడతాడట. ఈ ముసిల్దాన్ని తప్ప నాకింకోటి నడపడం రాదప్పా. భయమేసింది.”

“మరి స్టార్టయిందా?”

“ఒక్క దెబ్బకి. ఇన్నేల్లలో ఇలాగెప్పుడూ అవలేదు.”

“నా అల్లం మరి. నవ్వకు. షిఫ్టోల్లకి నానేటి సెప్పాలి?”

“పాలిరిగిపోనాయని సెప్పు. అదిగో, ఫోర్‌మేన్ అర్జునరావు ఆపీసు కాణ్ణించొత్తన్నాడు. నోరెత్తకు.”

“బావా, మేనేజరికి ఏటి సెప్పినావు?”

“నానేటీ సెప్పలేదు అర్జునరావు.”

“ఆ నురగేటని అడిగినాడట కదా.”

“అడిగినాడు. ఏదో... సలికాలం కూలెంటు, రేడియేటర్లో నీల్లకి బదులు పోసే కొత్త రకం అన్నాను.”

“అదే మాట పట్టుకున్నాడు. డోజరు తుక్కుకెల్లదు. నువ్వూ సీట్లోనే ఉంటావు.”

“హమ్మయ్య.”

“ఆగు బావా. రేపట్నుంచి యార్డులో తొమ్మిది మిషన్లకీ అదే పోయించమన్నాడు. ఎక్కడ దొరుకుతాదో కనుక్కుని రమ్మన్నాడు. ఏటలా సూత్తావు? ఏ కొట్లో కొన్నావో సెప్పు.”

“ఆడ్నడుగుతావేటి అర్జునరావుబాబూ, నాను పంపుతాను. తొమ్మిదిట్లో పంచదార లేకుండా ఎన్నో సెప్పు.”