నాన్న బరువు

టెస్ట్ ట్రాక్ మీద ఒకే స్పోర్ట్స్ కారు పాత మోడలూ కొత్త మోడలూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి. స్టాప్‌వాచ్ చూసి కూతురు నవ్వాపుకుంది.

"వంద స్పీడు అందుకోడానికి నీ పాతదానికి ఆరు సెకన్లు, నా కొత్తదానికి నాలుగే. ఒప్పుకో నాన్నా."

"ఎలా ఒప్పుకుంటానే? పాతదాన్ని తోలినప్పుడు పక్కన నేనున్నా. కొత్తదాన్ని ఒక్కదానివే తోలావు. మరి నా బరువో?"

"నీ కారు మీద ఈగనైనా వాలనివ్వవు. దాన్ని నా ఒక్కదాని చేతికివ్వనని మొండికేసి ఎక్కింది నువ్వేగా! సరే, దీన్లోనూ ఎక్కు."

కొత్త కారు రివ్వున దూసుకుపోయి, ట్రాక్ చివర ఆగింది.

"నీ బరువుతో కలిపినా నాలుగున్నర దాటలేదు. ఇప్పుడేమంటావు?"

"ఒప్పుకున్నాను తల్లీ. కానీ ఇంకొక్కసారి పోనీ."

"మళ్ళీ ఎందుకు?"

"ఈసారి కళ్ళు తెరుచుకుని కూర్చుంటాను."