విజయకుమారక్క చెప్పిన బంగాళీ

లేదక్కా, టీ వద్దు. నువ్వు కూర్చో. మూడేళ్ళ నుంచీ నన్ను కూర్చోబెట్టి చెప్పావు, ఇవాళ నేను చెప్తాను. మా ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు.

మంగళవారం నువ్వు యూనియన్ మీటింగుకి వెళ్ళావు కదా. ఆడోళ్ళ వార్డులో నీ డ్యూటీకి ఎవరో మలయాళీ సిస్టరు ఉంది. నా పాత ఆపరేషన్ కాగితం చూసి, ఈ బలం మాత్రలు దేనికని హిందీలో అడిగింది. పిల్లల కోసం అన్నాను. తలుపు దగ్గరగా వేసొచ్చి నా చెయ్యి పట్టుకుంది. రెండు ట్యూబులూ తీసేశారమ్మా అంది.

నాకు నెలనెలా వస్తాది కదా అన్నాను. ఎంత తెలివైనదాన్నో చూడు. అది వేరు, ఇది వేరు అని బొమ్మ గీసి చూపించింది. మూడేళ్ళలో నువ్వు ఒక్క బొమ్మైనా గీసావా?

ఆపరేషనైన రోజు డాక్టరు బంగాళీలో ఎంతసేపో మాట్లాడాడు. అప్పటికి నేను పెళ్ళై ఈ ఊరొచ్చి అయిదు నెలలే, నాకు ఒక్క ముక్క రాదు. తెలుగులో ఏం చెప్తావా అని నీ మొహమే చూశాను.

"భయం లేదు లిల్లీ. కడుపులో పడాల్సింది ట్యూబులో పడింది, అదొక్కటీ తీసేశారు. ఒళ్ళు బలపడితే మళ్ళీ నిలుస్తాది" అన్నావు.

అంతసేపటి మాటల్లో ఇంతే ఉందేటి అని నాకు తోచలేదు. తోచడానికి నువ్వు పరాయిదానివా? ఈ ఏక్‌బాల్‌పూర్ పేటలో తెలుగాడోళ్ళం డాక్టరుబాబుకి చెప్పుకోలేనివన్నీ నీ చెవిలోనే కదా వేస్తాం. తెల్లబట్టయినా నీకే, మొగుడు పక్కకొస్తే నొప్పయినా నీకే.

సరే, ఆ రోజు జాలిపడ్డావు. మరి కేలండర్ మీద తేదీలకి గుండ్రాలెందుకు చుట్టించావు? నేను ఆ గుండ్రాలు చూసుకుంటూ ఒక పిల్లని పెంచానక్కా. దానికి ఆయన చెవులు పెట్టాను. ఫెర్రీలో ఎత్తుకుని హౌరా దాకా తిప్పాను. ఓసారి దానికి జ్వరం తెప్పించి, రెండు రోజులు దిగులుపడి, నేనే తగ్గించాను.

అప్పుడే చెప్తే చచ్చిపోతాననుకున్నావా? ఏమో, ఏడ్చి లేచేదాన్నేమో. ఆ ఏడుపు నాది కదా, నువ్వెలా దాచేసుకుంటావు?

ఏడవకు. నీ ఏడుపు చూడ్డానికి రాలేదు.

మా అత్త ఊరి నుంచి ఉత్తరాలు రాయిస్తోంది, పిల్లల్లేరని నన్ను పుట్టింటికి పంపేయమని. ఆయన చదివి నవ్వి పొయ్యిలో పడేస్తాడు. ఆశ ఉంది గనక నవ్వుతున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక నిన్నే అడుగుతానన్నాడు, ఇంకా ఎన్నాళ్ళని.

మూడు రోజులు చూశానక్కా, చెప్దామని. అన్నం వడ్డించాను, ఆయన చెవులు చూశాను, ఇంకో గరిటె పప్పు వేశాను.

ఆదివారం అడిగితే నిజం చెప్పకు. ఒళ్ళు ఇంకా బలపడాలని చెప్పు. మొహం మాత్రం ఆ రోజు నా దగ్గర పెట్టినట్టే పెట్టు. నాకు అలా పెట్టడం రావట్లేదు.