ఎముకల మాస్టారు

అదేం మాట? వద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తావా? ఆ డాక్టరమ్మ పాపం నీ మంచం పక్కన పావుగంట నిలబడి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆర్నెల్లకోసారి వేసే ఇంజెక్షనే కొనసాగిద్దామా, లేకపోతే ఏడాదికోసారి సెలైనులో ఎక్కించే మందుకి మారదామా, రెండిట్లో ఏదో ఒకటి రేపటికల్లా చెప్పండి అంది. నువ్వేమో కళ్ళు మూసుకుని, "ఏదీ వద్దమ్మా, మా మాస్టారి గుడ్డు పెంకుల పొడి చాలు" అన్నావు.

ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

నవ్వకు. నవ్వితే నడుం పట్టేస్తుందని తెలుసుగా. ఆ బెల్టు బిగుతుగా ఉందా? కాస్త వదులు చెయ్యనా? వద్దా? సరే.

కాదూ, నాకు తెలియక అడుగుతాను. ఇరవై ఆరేళ్ళు బైండింగు షాపులో పనిచేసినదానివి. ఏ పుస్తకానికి ఏ దారం, ఏ అట్టకి ఎంత జిగురు అని ఎవర్నీ అడగని మనిషివి. వెన్నులో మూడు పూసలు నొక్కుకుపోయి పడుకున్నప్పుడు మాత్రం గుడ్డు పెంకులా?

నేనే చెప్పానా? చెప్పాను. చెప్పలేదని ఎవరన్నారు?

మెల్లగా మాట్లాడుతున్నాను లే. ఆ పక్క మంచం ఆవిడకి వినపడకూడదు. ఎప్పుడు చూసినా మొహం మీద తువాలు కప్పుకుని పడుకుంటుంది గానీ, చెవులు మాత్రం ఇటే ఉంటాయి. తెర లాగనా? లాగేశాను.

ఇదిగో, నీతో ఒక మాట చెప్పాలి. కుర్చీ ఇటు జరుపుకుంటాను. నువ్వు మధ్యలో ఏమీ అనకు. అంటే నేను మళ్ళీ నీళ్ళు నముల్తాను. నాలుగు రోజులుగా అదే జరుగుతోంది.

పోయినేడాది స్కాను తీయించిన రోజు గుర్తుందా? మూడేళ్ళు, ఆరు ఇంజెక్షన్లు అయిపోయాక తీసిన స్కాను. నువ్వు లోపల బట్టలు మార్చుకుంటున్నావు. పాత డాక్టరు నన్ను ఒక్కణ్ణే పిలిచి రిపోర్టు చూపించాడు. అంకెలు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి, నిజం. మొదట్లో నీ ఎముకలు ఎలా ఉన్నాయని చెప్పాడు? గట్టిగా తుమ్మినా విరుగుతాయన్నాడు కదా. అలాంటివి అంతలా కోలుకున్నాయి.

నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "చూశారా డాక్టరుగారూ, రోజూ నలభై నిమిషాల నడక, మెట్ల మీద కసరత్తు, ఎండలో కూర్చోబెట్టడం, పెంకుల పొడి" అని వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత డ్రిల్లు చేయించిన నోరు కదా, ఆగదు.

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. "అవన్నీ మంచివే మాస్టారూ, మానకండి. కానీ ఈ పని మాత్రం మందుది" అన్నాడు.

నాకు ఆ నవ్వు గుచ్చుకుంది. అంతే. ఇంత ముసలివాణ్ణి, అంత చిన్న నవ్వు గుచ్చుకుంది.

తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. అదే అసలు మాట. "ఈ ఇంజెక్షను ఊరికే ఆపేసే మందు కాదు" అన్నాడు. ఎముకే గోడనుకుంటే, దాన్ని కూలగొట్టేవాళ్ళని ఈ మందు గుమ్మంలో నిలబెట్టి ఆపుతుందట. గుమ్మం దగ్గర కాపలా తీసేస్తే, ఇన్నాళ్ళూ ఆగినవాళ్ళందరూ ఒక్కసారే లోపలికొచ్చి పడతారట. అందుకని ఆర్నెల్లు దాటకుండా వచ్చి, ఇదే మందు కొనసాగించడమో, వేరే మందుకి మారడమో చెయ్యాలి అన్నాడు. చీటీ మీద తేదీ రాశాడు. తేదీ కింద రెండు గీతలు గీశాడు.

చూడకు అలా. చెప్తున్నాగా.

నువ్వు బయటికొచ్చి, "ఏమన్నారు?" అని అడిగావు. "బ్రహ్మాండం అన్నారు. ఇంక మందులతో పనిలేదు" అన్నాను.

ఆయన అలా అనలేదు. నేనన్నాను.

ఆ రోజు నువ్వు ఆస్పత్రి మెట్లు నా చెయ్యి పట్టుకోకుండా దిగావు. కింద నిలబడి, "మొత్తానికి గట్టివాడివే మాస్టారూ" అన్నావు. ఆ మాట విన్నాక చీటీ జేబులోంచి తీయడానికి నాకు చెయ్యి రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను.

చీటీ ఎక్కడుందా? బట్టల అలమరలో, నా బనీన్ల అరలో, కింద పరిచిన పేపరు కింద.

ఎందుకా? అదే కదా నన్ను నేను అడుక్కుంటున్నది. మందంటే భయమని చెప్పుకోవచ్చు. నిన్ను మళ్ళీ సూదులకి అప్పజెప్పడం ఇష్టంలేక అని చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే నువ్వు నమ్ముతావు కూడా. కానీ అది కాదు.

పార్కు. అదీ సంగతి.

నువ్వు నాలుగడుగులు వేగంగా వెయ్యడం చూసి జనం అడగడం మొదలెట్టారు కదా, ఏం చేశారు, ఏం పెట్టారు అని. ముందు ఇద్దరు, తర్వాత ఆరుగురు, చివరికి ఒక బెంచీ చాలలేదు. రిటైరయ్యాక ఏడేళ్ళు నా మాట విన్నవాళ్ళు లేరు. నేను ఈల ఊదితే మూడొందల మంది పిల్లలు కాలు కదపకుండా నిలబడేవాళ్ళు, అలాంటిది ఇంట్లో కుక్కరు ఈల లెక్కపెట్టే పని మిగిలింది నాకు. అలాంటివాణ్ణి పట్టుకుని "ఎముకల మాస్టారు" అన్నారు. నెత్తిన పెట్టుకున్నారు. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆ పుస్తకం వేశాం చూడు, "గట్టి ఎముకకు ఏడు సూత్రాలు". పన్నెండు పేజీలు. నువ్వే మడతలు పెట్టి, నువ్వే కుట్టావు, రెండొందల కాపీలు. మామూలు దారం బాగోదని ఎర్రదారం తెచ్చావు. ఏడో సూత్రం ఏమిటో గుర్తుందా?

అవును. "మందును నమ్ముకోకు, నిన్ను నమ్ముకో."

అది కుడుతూ నువ్వు, "ఇంజెక్షను గురించి ఒక్క ముక్కైనా రాయలేదేం?" అన్నావు. సూది నోట్లో పెట్టుకుని అన్నావు, నాకు సరిగా వినపడనట్టు నటించాను. వినపడింది.

ఆస్పత్రి వాళ్ళు ఊరుకోలేదు. ఫోన్ చేశారు. కాగితాల మీద నా నంబరే కదా ఉంది. మొదటిసారి చేసినప్పుడు బెంచీ దగ్గర ఉన్నాను, చుట్టూ జనం. "ఊళ్ళో లేమండీ" అన్నాను. పార్కులో పిచ్చుకల గోల వాళ్ళకి వినపడే ఉంటుంది. రెండోసారి, "వేరే చోట వేయించేశాం" అన్నాను. మూడోసారి వాళ్ళు చెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా.

గడువు దాటి నాలుగు నెలలు. పోయిన మంగళవారం నువ్వు షాపులో వంగి రిజిస్టర్ల కట్ట జరిపావు. ఎత్తను కూడా ఎత్తలేదట, జరిపావంతే. మీ ఓనరు ఫోన్ చేసి, "అక్క కింద కూర్చుండిపోయింది, లేవలేకపోతోంది" అంటే పరిగెత్తుకొచ్చాను. వచ్చేసరికి నువ్వు కాగితాల మధ్య కూర్చుని, "ఏం చేశానని ఇలా అయింది?" అని అడిగావు.

నన్నే అడిగావు. నా మొహంలోకి చూసి అడిగావు.

అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పాలి. నేనేమన్నానో తెలుసుగా. "అంతా ఆ ఇంజెక్షను చేసిన నిర్వాకం. మూడేళ్ళు వేసుకుంటే ఇదీ ఫలితం" అన్నాను.

ఏ మాత్రం తడుముకోలేదు. నోట్లో రెడీగా ఉన్నట్టు వచ్చేసింది.

నువ్వు ఇవాళ ఆ డాక్టరమ్మతో అన్నది నీ మాట కాదే. నా మాట. నేను నీ నోట్లో పెట్టిన మాట. నిన్ను కాపాడింది ఆ మందు. నిన్ను ఇలా మంచాన పడేసింది, దాన్ని వేళకి వేయించకుండా దాచిన మనిషి. నేను.

ఏడుస్తున్నావా? నొప్పా? నర్సును పిలవనా?

సరే, పిలవను. కూర్చుంటాను.

ఇంకా ఉంది. ఆపమంటే ఆపుతాను, కానీ ఇది ఆపితే మళ్ళీ చెప్పలేను. నిన్ను ఇక్కడ చేర్పించినప్పుడు ఈ డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి అడిగింది, ఇంజెక్షన్లన్నీ సరైన వేళకే పడ్డాయా అని. "ఒక్కరోజు కూడా తప్పలేదమ్మా" అన్నాను. పాత కాగితాలేవని అడిగితే, ఇల్లు మారినప్పుడు పోయాయన్నాను. మనం ఇల్లెక్కడ మారాం?

అందుకే ఆవిడకి అంతు చిక్కడం లేదు. మందు వేళకి పడుతుంటే ఒకేసారి మూడు పూసలు ఎందుకు నొక్కుకుపోతాయని, లోపల ఇంకేదో పెద్ద జబ్బుందేమోనని వెతుకుతోంది. నీకు రోజూ అన్ని సీసాల రక్తం తీస్తున్నది అందుకే. రేపు తుంటి ఎముకలో సూది గుచ్చి చేస్తామన్న పరీక్ష కూడా అందుకే.

పొద్దున నువ్వు నా చొక్కా పట్టుకుని, "క్యాన్సరేమో అనుకుంటున్నారా?" అని అడిగావు. "ఛ, ఛ" అని చెయ్యి విడిపించుకుని టీ తాగడానికి వెళ్ళిపోయాను. మనిషన్నవాడు అలా వెళ్తాడా? నేను వెళ్ళాను. టీ తాగాను కూడా. చక్కెర తక్కువైందని మళ్ళీ వేయించుకున్నాను.

నీకు క్యాన్సరు లేదు. ఎలా తెలుసంటే, నాకు కారణం తెలుసు కాబట్టి.

ఇవాళ ఎందుకు చెప్తున్నానా? నాకై నాకు బుద్ధొచ్చిందనుకోకు. అంత మంచితనం నాలో లేదు.

టీ తాగి పార్కుకి వెళ్ళాను. పోస్టాఫీసావిడ ఉంది కదా, పొడుగ్గా, ఎప్పుడూ గొడుగు పట్టుకుని వస్తుంది. ఆవిడదీ నీ ఇంజెక్షనే. నాలుగు వేయించుకుంది. అయిదోది ఈ నెలాఖరుకి. పోయిన నెలలో నన్ను అడిగింది, మాస్టారూ, మీ ఆవిడ మానేసి బాగానే ఉంది కదా, నేనూ మానెయ్యనా అని. "మానెయ్యండి" అన్నాను. అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

ఇవాళ ఆవిడ ఎదురొచ్చి, నీకెలా ఉందని అడుగుతూ, "నేను మానేసినట్టేనండీ, ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పేశాను" అంది. బెంచీ మీద కూలబడి మొత్తం చెప్పేశాను. చీటీ, ఫోన్లు, అన్నీ. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొడుగు మూసి, "ఈ సంగతి మీ ఆవిడకి తెలుసా?" అని ఒక్కటే అడిగింది. తెలియదన్నాను. ఆవిడ మళ్ళీ నా మొహం చూడలేదు. అక్కడే నిలబడి ఆస్పత్రికి ఫోన్ చేసుకుంటూ వెళ్ళిపోయింది.

పరాయి మనిషికి చెప్పగలిగి నీకు చెప్పలేనా అనుకుంటూ వచ్చాను. వచ్చేసరికి డాక్టరమ్మ బొమ్మ గీస్తోంది, నువ్వు నా పెంకుల పొడిని నమ్ముకుని మందు వద్దంటున్నావు. నా తల కొట్టేసినట్టయింది. నువ్వు నన్ను తిట్టి వెళ్ళగొట్టినా ఇంత సిగ్గనిపించేది కాదు.

నన్నేమన్నా అను. నాతో మాట్లాడకపోయినా సరే. మందు మాత్రం వద్దనకు. ఇంజెక్షనే కావాలో, సెలైనే కావాలో, నువ్వే అడిగి తెలుసుకో. నేను పక్కన కూర్చుని తల ఊపను. చీటీ తెచ్చి ఆవిడ చేతిలో పెడతాను.

ఏమిటి? గట్టిగా చెప్పు, వినపడలేదు.

డాక్టరమ్మని ఇప్పుడే పిలవాలా? నీ ముందే చెప్పాలా? ఆ తెర తీసేసా?

సరే. తీస్తాను.

పరీక్ష ఆపమని అడుగుతాలే. మందు వేసుకుంటావుగా? ఆ, తల ఊపావు. చాలు. అది చాలు నాకు. ఈసారి తేదీ నేను గోడ మీద రాసి పెడతాను, ఒక్క రోజు కూడా...

వద్దా?

మీ చెల్లెలా? ఆవిడ ఊరికి ఆ చివరెక్కడో ఉంది, రెండు బస్సులు మారి రావాలి. నేను ఇంట్లోనే ఉంటాను కదా, నిన్ను తీసుకురావడానికి నాకేం... సరే. సరే. ఆవిడే తీసుకొస్తుంది. కాగితాల మీద కూడా ఆవిడ నంబరే రాయిస్తాను.

బావగారుండగా నేనెందుకని అడుగుతుంది. ఏం చెప్పను?

నేనే చెప్పాలా? ఇలాగే, మొదట్నుంచీ?

చెప్తాను. ముందు డాక్టరమ్మకి, తర్వాత మీ చెల్లెలికి, సాయంత్రం పార్కులో మిగతావాళ్ళకి. పోస్టాఫీసావిడకి చెప్పాక, ఇంక చెప్పేకొద్దీ సులువవుతుందనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది.