కలకత్తా ఆకాశంలో జాన్‌బాబు పళ్ళసెట్టు

“ఈ బెంచీ చూశారా అమ్మా? మొన్నటిదాకా ఉయ్యాలే. కూర్చున్నవాడల్లా టీ మీద పోసుకుని లేచేవాడు. ఒక్క చూపు చూశాను, రోగమెక్కడుందో తెలిసిపోయింది, మందు వేశాను. ఇప్పుడు ఏనుగెక్కినా కదలదు. కూర్చోండి, కూర్చోండి,” అన్నాడు రత్తయ్య.

అమలమ్మ కూర్చుంది. పక్కన ఆమె భర్త జాన్‌బాబు, నోటికి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, కూర్చున్నాడు. చల్లపల్లి నుంచి తొలిబస్సుకి వచ్చారు ఇద్దరూ. బెజవాడ వన్‌టౌన్‌లో ముస్తాక్ టీకొట్టు అది. దాన్ని ఆనుకునే పవనదూత కొరియర్స్ ఆఫీసు. ‘దేశంలో ఎక్కడికైనా తెల్లారేసరికి’ అని దాని బోర్డు. ఆ ఆఫీసులో ఉన్నది రత్తయ్య ఒక్కడే, ఆ ఒక్కడూ ఎప్పుడూ టీకొట్లోనే ఉంటాడు. తెల్లారడానికి అదొక్కటే అడ్డం.

వాళ్ళు వచ్చింది పళ్ళ కోసం. జాన్‌బాబు కట్టుడు పళ్ళసెట్టు నడిమికి విరిగితే, మద్రాసులో పళ్ళడాక్టరు దగ్గర పనిచేసే అమలమ్మ తమ్ముడు దాన్ని బాగుచేయించి కొరియర్లో పంపాడు. చల్లపల్లికి పవనదూత వెళ్ళదు. పార్సెలు వస్తే బెజవాడొచ్చి పట్టుకెళ్ళాలి. పార్సెలేమో రాలేదు. ఫోను చేసినప్పుడల్లా అది కొత్త ఊళ్ళో ఉందని చెబుతున్నాడు రత్తయ్య. మొదట గూడూరన్నాడు, తర్వాత నాగపూరన్నాడు. జాన్‌బాబు పుట్టి బుద్ధెరిగాక చూడని దేశమంతా ఆయన పళ్ళు చూసొస్తున్నాయి.

రేపే గుడ్ ఫ్రైడే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్నీ గుళ్ళో ఏడుగురు పెద్దలు పంచుకుని ప్రసంగిస్తారు. అయిదో మాట జాన్‌బాబుది. పెళ్ళయిన ఏటి నుంచీ ఆయనదే. పళ్ళు రాకపోతే అది నతానియేలుకి ఇస్తానన్నారు పాస్టరుగారు. నతానియేలు మైకు పట్టుకుంటే ఆరో మాటవాడు నిద్రపోతాడు, ఏడో మాటవాడు ఇంటికెళ్ళిపోతాడు. చల్లపల్లిలో జాన్‌బాబు నోటికి జడవనివాడు లేడు. ఇప్పుడా నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు.

“మా పార్సెలండీ...” అంది అమలమ్మ.

“వస్తున్నా, అక్కడికే వస్తున్నా! పార్సెలు పోవడమంటే ఏంటో ముందు మీకు తెలియాలి. ఇబ్రహీంపట్నంలో ఒక రైసుమిల్లు ఓనరున్నాడు. ఆయనకి రావాల్సిన నట్టొకటి దారిలో తప్పిపోయింది. ఎంత? అగ్గిపెట్టెంత పార్సెలు. అది లేక మిల్లు ఆగింది. ఆ మిల్లు ఆగితే ఇంకేముంది, కృష్ణాజిల్లాలో పొయ్యి మీద ఎసరు పెట్టిన ఆడాళ్ళంతా ఎసరు దింపేశారు!”

“జిల్లా అంతటికీ ఒకటే మిల్లా రత్తయ్యగారూ?” అన్నాడు ముస్తాక్, టీ తిరగబోస్తూ.

“మిగతా మిల్లులన్నీ దీన్ని చూసి ఆగాయయ్యా! నువ్వు టీ కాచుకో. నేనేం చేశాను? స్టేషనుకెళ్ళాను. పట్టా మీద చెవి పెట్టాను. ఏ బండిలో ఏ పార్సెలు పోతోందో వినపడాలి మనకి. విన్నాను. ఆ నట్టు బల్లార్షా దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

బండి ఆగి నీకు దణ్ణం పెట్టి ఉంటుంది, అనుకున్నాడు జాన్‌బాబు.

“బండి ఆగింది! నేను ఇక్కణ్ణుంచి ఒక్క కేక వేస్తే గార్డు ఎర్రజెండా ఊపాడు. కానీ అప్పటికే నట్టుని విమానమెక్కించేశారు, వెధవలు. ఇంకొకడైతే ఇంటికెళ్ళి పడుకుంటాడు. నేను ఎస్టీడీ బూతులో దూరి, నేరుగా పైలట్‌కి ఫోను కొట్టాను.”

“ఎగిరే విమానానికా?”

“ఆగిన విమానానికైతే ఎవడైనా కొడతాడమ్మా! ‘బాబూ, నేను రత్తయ్యని’ అన్నాను. అంతే, అవతల సీట్లోంచి లేచి నిలబడ్డాడు. ‘ప్రకాశం బ్యారేజీ మీదకొచ్చాక ఎడంపక్క కిటికీ తెరిచి పార్సెలు వదిలెయ్, కింద నేనున్నాను’ అన్నాను.”

అమలమ్మ భర్త వంక చూసింది. ఆయన కళ్ళలో ఎన్ని జవాబులున్నాయో ఆమెకి తెలుసు. అవన్నీ లోపలే ఉడుకుతున్నాయి. పాపం, ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“అదేం లెక్కండీ! ఇప్పుడు పోయిన పార్సెళ్ళని వెతకడం కూడా మానేశాను, బోరు కొట్టి. మొన్న మచిలీపట్నం ఆసామి ఒకడికి పార్సెలు అందించాను. సంతకం పెట్టాడు, విప్పాడు, ఆనందపడ్డాడు. తీరా చూస్తే పంపేవాడు దాన్ని ఇంకా కట్టనే లేదు!”

“మరి మీరిచ్చిందేంటి?” అన్నాడు ముస్తాక్.

“అదే పార్సెలు! అంత స్పీడు మనది.”

“అంత స్పీడున్నవారు మా పళ్ళెందుకు తేలేదండీ?” అంది అమలమ్మ. “రేపు గుళ్ళో ఈయన మాట్లాడాలి. ఇవాళ దొరక్కపోతే ఇక దొరికీ లాభం లేదు.”

“అమ్మా, కంగారుపడకండి. మీ పార్సెలు కలకత్తాలో ఉంది. ఆ పైలట్‌నే పంపించాను. పొద్దున్నించీ కలకత్తా ఆకాశమంతా గాలిస్తున్నాడు. దొరగ్గానే బ్యారేజీ మీద వదులుతాడు. ఎలా పడతానో చూపిస్తా చూడండి!”

రత్తయ్య భుజమ్మీది తువ్వాలు తీసి, బెంచీ ఎక్కి, రెండు చేతులా దాన్ని చాపి, ఆకాశం వంక చూస్తూ ఒక్క గెంతు గెంతాడు.

బెంచీ కాలు దేనిమీద నుంచో జారింది. జాన్‌బాబు కూర్చున్న కొస దభీమని దిగబడి, ముస్తాక్ ఇచ్చిన గ్లాసులో టీ ఆయన పంచె మీదికొచ్చింది. చురుక్కుమనేసరికి ఆయన లేచి వంగాడు. బెంచీ కాలికింద ఎత్తుకోసం పెట్టిన పొట్లమొకటి పక్కకి దొర్లి ఉంది. తెల్లగుడ్డలో పెట్టి కుట్టిన పార్సెలు. ఇన్నాళ్ళూ నేలకి ఆనిన వైపు ఇప్పుడు పైకొచ్చింది. ఆ వైపు ఇంకుతో రాసి ఉంది ఆయన పేరు, చల్లపల్లి అని.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. భార్య చెయ్యి పట్టుకుని లాగాడు.

“ఇది మా తమ్ముడి దస్తూరీ!” అంది అమలమ్మ. “ముస్తాకూ, కత్తి ఇవ్వయ్యా!”

కుట్లు తెగాయి. లోపల స్టీలు డబ్బా, డబ్బాలో దూది, దూదిలో పళ్ళు. ఒక్క పన్ను కూడా కదల్లేదు. ముస్తాక్ అడక్కుండానే వేణ్ణీళ్ళ గ్లాసు అందించాడు. జాన్‌బాబు అటు తిరిగి పళ్ళు కడిగి పెట్టుకుని, దవడలు అటూ ఇటూ ఆడించాడు. సరిగ్గా కూర్చున్నాయి. అమలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

రత్తయ్య ఇంకా బెంచీ మీదే ఉన్నాడు, చాపిన తువ్వాలుతో. ఇంకెవరైనా అయితే సిగ్గుపడేవారు.

“చూశారా!” అన్నాడు. “నేను చెప్పలా? పైలట్‌కి చెప్పి ఒక్క పూట కాలేదు, కలకత్తాలో ఉన్నది మీ కాళ్ళ దగ్గరకొచ్చి పడింది!”

జాన్‌బాబు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళ తర్వాత వచ్చిన మొదటి మాట, ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది.

“రత్తయ్యగారూ, పాపం ఆ పైలట్‌కి ఫోను కొట్టి, ఇక దిగమనండి. తమరు కూడా దిగండి. తమరేసిన మందు నేను తీసేసుకున్నాను, ఆ బెంచీ ఇక ఆగదు.”

రత్తయ్య దిగేలోపే బెంచీ ఊగింది.