ఏడో గది

నా పెద్ద భయం ఒక్కటే: బొగ్గుబాయిలో దిగిన మా ఆయన సామ్యూల్ పైకి రాకపోవడం. ఆ ఆలోచన పక్కన పెట్టడానికే మంచిర్యాలలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నాను. ఇవాళ క్లాసులో సార్‌కూ నాకూ మధ్య జరిగిన మాటలివి.

“సార్, మా ఆయన పేరు రాసిన. పేరెన్క గీ పిచ్చి గుర్తులేంది?”

“మీ ఆయన మాట్లాడితే గిట్లనే ఆగడా చెల్లె?”

“నవ్వకుండ్రి సార్. ఇంగ్లీషుల ఆరక్షరాలు. లెక్కవెట్టి మెమరీల అక్షరానికొకటి ఆరు గదులిచ్చిన.”

“మరి పేరు అయిపోయిందని చెప్పే సున్నాకు గదేది? అది లేకుంటే మిషిన్ ఆగది. పక్క గదులల్ల ఉన్నది గూడ చదువుకుంట పోతది.”

“అంటే బాయిల దిగేటోళ్లకు ఇచ్చే నంబరు లైటు లెక్క. వాపస్ ఇచ్చినంకనే మనిషి పైకొచ్చినట్టు రాసుకుంటరు.”

“గంతే. ఏడు గదులియ్యి.”

“ఇచ్చిన... ఆగింది సార్! టైమెంత?”

“నాలుగున్నర.”

“నాలుగింటికే ఆయన పైకి రావాలె.”

“ఫికర్ చెయ్యకు, వస్తడు.”

ఇప్పుడు ఆరయింది. ఆయన ఇంకా ఇల్లు చేరలేదు. నిద్రపోతున్న బిడ్డను విడిచి నేను కదలలేను. మీరు బాయి దిక్కు పోతుంటే, ఆయన నూట పదిహేడో నంబరు లైటు వాపస్ వచ్చిందో లేదో జర చూడండి.