బండెక్కని ఆదివారం

ఆదివారం ఉదయం, పెనుమూడి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు. నిక్కరు తొడుక్కుని పరిగెడుతున్న యాభై రెండేళ్ళ పెద్దమనిషి పక్కన పాలక్యాన్ల బండి ఒకటి నెమ్మదించింది. ఆ చప్పుడు వినగానే ఆయన మోకాళ్ళకు నోరూరింది.

"ఎక్కండి బాబాయ్‌గారూ, ఇంటిదగ్గర దింపేస్తాను."

"వద్దురా. ఈవేళ ఎక్కను."

"నాలుగు ఆదివారాల నుంచీ ఎక్కుతూనే ఉన్నారుగా! ఇప్పుడు మొహమాటమేంటండి?"

"అందుకేరా! ఈసారి బండెక్కకుండా ఇల్లు చేరితేనే బాపట్ల పరుగు పందేనికి పంపుతానంది మీ పిన్ని. నా పరుగు కంటే పరువే ముందు పోతోంది."

"పరిగెడుతున్నారా? నడుస్తున్నారనుకున్నానండి."

"లోపల్లోపల పరిగెడుతున్నాలే. నువ్వెళ్ళు."

"ఇంతలా రొప్పుతున్న మనిషిని వదిలేసి పోతే ఊళ్ళో ఏమనుకుంటారండి? పక్కనే వస్తాను. పిన్నిగారికి సాక్ష్యం కూడా చెబుతాను."

"నాలుగు వారాలూ దింపింది నువ్వేగా! నీ సాక్ష్యం ఎవరు నమ్ముతారు? నా పక్కన నీ బండి కనపడిందంటే చాలు, బాపట్ల గోవిందా!"

"నిజమేనండోయ్! మరెలాగండి?"

ఆయన ముందున్న రోడ్డు వంక చూశాడు. బండి వెనక సీటు వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"నువ్వు ముందెళ్ళి మా ఇంట్లో పాలు పోసెయ్. మీ పిన్నిని వాకిట్లో నిలబడి నా దారి చూడమను. నా కాళ్ళ మీద నేనొస్తాను."

"అలాగేనండి."

బండి నాలుగు గజాలు కదిలింది.

"ఒరేయ్, ఆగు!"

"ఎక్కుతారా అండి?"

"కాదురా. నిలబడమనకు. కుర్చీ వేసుకోమను."