వలదన్న గొంతు

నెల్లూరి అలివేలమ్మ, కొడుకు కేశవ్ ఆటోలో వాషర్‌మెన్‌పేట్ వెళుతున్నారు. అతను పెళ్ళి చేసుకుంటానన్న లక్ష్మీప్రియను చూడటానికి. ఫోనులోని మ్యాపు డ్రైవరుకు తమిళంలో దారి చెబుతోంది.

“వలదు పక్కం తిరుంబుంగ.”

“ఇన్నావా? మళ్ళీ అనింది! ఆటో ఆపించరా కేశవా.”

“అమ్మా, అరవంలో వలదంటే కుడి. కుడికి తిరగమంటా వుండాది, అంతే.”

“కుడికి తిరగమనేదానికి వలదు, వలదని మొత్తుకోవాల్నా? ఈ సంబంధం వద్దని ఏ తల్లో చెప్తావుంటే నీకే చెవికెక్కడంలే.”

“ఇడదు పక్కం తిరుంబుంగ.”

“అమ్మో! పట్టిన శని ఇడదంట!”

“ఇడదంటే ఎడమమ్మా!”

“సరే, ఆ ఎర్రగీతేంది? నెత్తురా?”

“ట్రాఫిక్కు.”

“మనమేడుండాం దాంట్లో?”

“ఇదో, ఈ నీలం చుక్క.”

“ఇంతేనా! ఇద్దరికీ కలిపి ఒక చుక్కా? ఎవురన్నా తుడిచేస్తే?”

“తుడవరమ్మా. ఊరికే దారి చూపిస్తాది.”

“దారి చూపేదానికి అంత నమ్మించే గొంతెందుకురా? బాయిలోకి తిరగమన్నా ఈ డ్రైవరు తిరిగేటట్టుండాడు. నాకే నమ్మబుద్దేస్తా వుంది. ఇసుక్కోదు, కసురుకోదు, చెప్పిందే నిదానంగా చెప్తాది. ఎవురి బిడ్డో?”

“ఎవురో... ఎవురైతే ఏంలే.”

“ఏంది నవ్వతా వుండావు?”

“నవ్వలా.”

“నవ్వినావు. ఇట్టాంటి పిల్లని తెచ్చుంటే కండ్లకద్దుకునేదాన్ని. నువ్వేమో ఒక ఫొటో చూపించి, ఇదే నీ కోడలంటివి.”

“దిగమ్మా, వచ్చేసినాం.”

“దిగను. ఆయమ్మ అన్నిసార్లు వలదన్న గడప నేను తొక్కను.”

“అయ్యో, మెల్లగా! లక్ష్మీప్రియే వాకిట్లోకి వచ్చేసింది.”

“వాంగ అత్తా! ఎండలో ఆటోలోనే కూర్చున్నారే? లోపలికి రండి.”

“కేశవా... ఈ గొంతు...”

“అదే గొంతమ్మా. ఆ మ్యాపుకి గొంతిచ్చింది లక్ష్మీప్రియే.”

“అవునత్తా. దారంతా నేనే చెప్పుకుంటా వచ్చినా. బాగా వినిపించిందా?”

“వినిపించింది తల్లీ, శానా బాగా వినిపించింది! నా బిడ్డకేం తక్కువని ఊరంతా తిప్పి తిప్పి వలదంటివి? చదువు లేదా, ఒడ్డూ పొడుగూ లేదా? నడువు లోపలికి. నీ చేత సరే అనిపించిందాకా ఈణ్ణించి కదిలితే అడుగు!”